చుక్కలేసినంక రెండు నిమిషాలు

భాగ్యకు ఉన్నది ఒక్కటే కన్ను. ఎడమది చిన్నప్పుడే తట్టు పోసి పోయింది. మిగిలిన కుడికన్ను మొన్న మిరపకాయలు ఏరే రోజుల్లో ఎర్రబడింది. ఎర్రబడితే ఎర్రబడింది గాని, వెలుతురు చూస్తే చాలు, సూదులు గుచ్చినట్టు ఒకటే నొప్పి. తోటలో పొట్టు ఏదో పడ్డదనుకుంది పిచ్చిది. పెద్దవంగర చుట్టుపక్కల కంట్లో నలుసు పడితే ఎవరైనా పోయేది కొమురవ్వ దగ్గరికే. నాలుక కొసతో కంట్లో ఒక్క చుట్టు తిప్పి, నలుసును అరచేతిలో ఉమ్మి చూపించేది, ఎప్పుడూ దవడన తమాకు నమిలే ఆ ముసలామె.

మూడు రోజులు పోయింది భాగ్య. మూడో రోజు కూడా ఏమీ రాలేదు. "లోపల్నే ఉన్నది బిడ్డా. రేపు రా, తీసేస్తా" అంది కొమురవ్వ. తెల్లారేసరికి చూపు మసకబారింది. మొగుడు సంజీవ గాబరాపడిపోయి, ఆమెను బస్సెక్కించి మానుకోటలోని కంటి దవాఖానకు తీసుకపోయాడు.

డాక్టర్ మహీధర్ గది చీకటి చేసి, గడ్డం ఆనించే మిషన్ ముందు ఆమెను కూర్చోబెట్టి, సన్నటి వెలుగు కంట్లోకి వేసి చాలాసేపు చూశాడు. "నలుసు లేదు, గిలుసు లేదు. కన్ను లోపలి పొర వాచింది. పెంకుల సందుల నుంచి ఎండ పడితే దుమ్ము లేస్తది చూడు, గట్ల తేలుతున్నయి లోపల తెల్లకణాలు. గంటకోసారి చుక్కలెయ్యాలె. ఆపినవనుకో, ఈ కన్ను గూడ పోతది" అన్నాడు.

ఉన్న ఒక్క కన్ను! ఆ రోజు నుంచి భాగ్య గడియారాన్నే చూసుకుంటూ చుక్కలు వేయించుకుంది. కొమురవ్వ సంగతే మరిచిపోయింది.

ఆ వారంలోనే కొమురవ్వ పోయింది. ఉన్నట్టుండి జ్వరం, రెండు రోజులే. ప్రాణం పోయేముందు కూడా "భాగ్య ఇంక రాలేదా?" అని అడిగిందట. ఆ మాట చెవిన పడగానే భాగ్య కొంగుతో కన్ను కప్పుకుంది. "ముసల్దానికి ఎంత పట్టుదల!" అని సంజీవ నవ్వేశాడు. నవ్వకుండా ఉంటే బాగుండేది.

వారానికి మళ్ళీ దవాఖానకు పోయారు. చుక్కలు వేసే ప్రదీప్ ఆమెను వెనుక చీకటి గదిలో బల్ల మీద కూర్చోబెట్టాడు. "అక్కా, ఇది కంటిపాప పెద్దగయ్యే మందు. అర్ధగంట కన్ను మూసుకోని ఉండు. తెరిచినా దగ్గరిది కనవడదు, పరేషాన్ గాకు" అని చెప్పి, తలుపు దగ్గరేసి బయట కూర్చున్నాడు. సంజీవ బయట చీటీ పట్టుకుని వరుసలో నిలబడ్డాడు.

పట్టపగలు. బయట ఆటోల రొద, ఎవరిదో పిల్ల ఏడుపు. గదిలో మందుల వాసన. పైన ఫ్యాను కీచుమంటోంది. భాగ్యకు చిన్న కునుకు పట్టింది.

మెలకువ వచ్చేసరికి ఫ్యాను చప్పుడు లేదు. పిల్ల ఏడుపు లేదు. మందుల వాసన కూడా లేదు. తమాకు వాసన... రోజంతా దవడన పెట్టి నమిలిన తడి తమాకు...

బల్ల కిర్రుమంది. పక్కన ఎవరో కూర్చున్నారు.

"ప్రదీప్ తమ్మీ?"

చెంపకు ఊపిరి తగిలింది. చల్లగా ఉంది. ఊపిరి చల్లగా ఉంటుందా ఎక్కడన్నా?

"కన్ను తెరువు బిడ్డా."

తెరిచింది. అయ్యో, ఎందుకు తెరిచిందో! ఎదుటి గోడ మీది అక్షరాల బోర్డు మసక చీకట్లోనూ తెలుస్తోంది. జానెడు దూరంలో ఉన్నది మాత్రం తెలియడం లేదు. తల... తల మీద కొంగు... నోరు ఉండాల్సిన చోట ఏదో మెల్లగా కదులుతోంది. ఎంత చూసినా ముఖం కంటికి ఆనడం లేదు.

రెండు వేళ్ళు రెప్పలు విడదీశాయి.

"నలుసు కాదంట అవ్వా..." అంది భాగ్య. "లోపల వాపంట... సారు చెప్పిండు..."

"నాకెర్కే బిడ్డా." ముసలి గొంతు ముద్దుగా నవ్వింది. "లోపలిదే తీస్తా. కదలకు."

నాలుక తగిలింది. గరుకుగా... కనుగుడ్డు మీద ఒక చుట్టు... ఇంకో చుట్టు... మూడోసారి తిరగలేదు. లోపలికి నెట్టింది.

భాగ్య కెవ్వుమని అరిచింది.

లైటు వెలిగింది. ప్రదీప్, సంజీవ ఉరికొచ్చారు. గదిలో ఇంకెవరూ లేరు. "నేను తలుపుకాడనే ఉన్న అక్కా, పురుగు గూడ పోలే లోపలికి" అన్నాడు ప్రదీప్. ఆమెను పట్టుకుని డాక్టర్ దగ్గరికి నడిపించారు.

మహీధర్ చూసి సంబరపడ్డాడు. "శభాష్! తెల్లకణాలు సగానికి సగం తగ్గినయి. కన్ను నిలవడ్డదమ్మా!"

"మరి తక్కిన సగం సారూ?"

"ఇంకో నెల వాడాలె. రోజుకు ఎనిమిదిసార్లు. చుక్క వేసినంక రెండు నిమిషాలు కన్ను మూసి, ముక్కు పక్క కంటి మూలను వేలితో ఒత్తి పట్టుకో. ఒక్కసారి గూడ తప్పొద్దు."

ఎనిమిదిసార్లు కన్ను మూయాలి. బస్సులో భాగ్య చుక్కల సీసాను కిటికీలోంచి పారేద్దామనుకుంది. పారేస్తే గుడ్డిదైపోతుంది. కొంగులో ముడేసుకుని, దారి పొడుగునా ఏడుస్తూ కూర్చుంది.

దీపాలు పెట్టే వేళకు ఇల్లు చేరారు. వాకిట్లో నులక మంచం మీద ఆమెను కూర్చోబెట్టి సంజీవ చుక్క వేశాడు.

"జర నా కాడనే ఉండరాదు..."

"గీడనే ఉన్నా. బర్లకు గడ్డేసుకుంట లెక్కవెడత, గట్టిగనే. నువ్వు భయపడకు."

కొట్టం దగ్గర్నుంచి ఒకటి, రెండు, మూడు అని అరుస్తూ మొదలుపెట్టాడు. భాగ్య కన్ను మూసుకుని ఆ గొంతునే పట్టుకుని కూర్చుంది. అరవై అయింది. కంటి మూలను వేలు ఒత్తిపట్టే ఉంది. తొంభై దాటింది. ఏ వాసనా రాలేదు. ఎవరూ పిలవలేదు. ఆమెకు ఊపిరి కాస్త తేలికైంది.

"నూట ఇరవై! అయిపోయింది. వేలు తీసి కన్ను తెరువ్ ఇగ" అన్నాడు కొట్టం దగ్గర్నుంచే.

అప్పుడు తెలిసిందామెకు. భయంతో తన చేతులు రెండూ మంచం పట్టెనే పట్టుకుని ఉన్నాయి, మొదట్నుంచీ.

కంటి మూల మీద వేలు ఇంకొంచెం గట్టిగా ఒత్తింది.