కుట్టుకి వదిలిన అరంగుళం

ఆ ఇంట్లో తెల్లవారితే రెండు యంత్రాల చప్పుడు వినిపిస్తుంది. కిటికీ పక్కన కుట్టుమిషను టకటక ఒకటి. మంచం పక్కన, నిఘంటువంత పెట్టెలోంచి వచ్చే సన్నటి గురక రెండోది. మొదటిది ముప్పై ఏళ్ళుగా ఉంది. రెండోది వచ్చి మూడు వారాలయింది.

"నీ సవతి మళ్ళీ గొణుగుతోంది, విన్నావా?" అన్నాడాయన మంచం మీంచి.

"గొణగనివ్వండి. మానేస్తేనే భయపడాలి," అంది ఆమె, సూదిలోకి దారం ఎక్కిస్తూ.

"రోజంతా నన్ను అంటిపెట్టుకునే ఉంటుంది. నువ్వెప్పుడైనా ఇలా ఉన్నావా?"

"నేను అంటిపెట్టుకుంటే మీ బస్సు ఎవరు నడిపేవారు?"

ఆయన బస్సు డ్రైవరుగా చేసి దిగిపోయినవాడు. చక్కెర జబ్బు ముదిరి ఎడమకాలి చిటికెనవేలు తీసేశారు. వేలు తీసిన చోట పుండు మాత్రం మానలేదు. మూడు నెలలు మందులు, కట్లు అయ్యాక డాక్టరు ఈ పెట్టె రాసిచ్చాడు. పుండులో పట్టేంత స్పాంజి ముక్క పెట్టి, దాని మీద గాలి దూరని పల్చటి పొర అంటించి, గొట్టం తగిలిస్తారు. ఆ గొట్టంలోంచి పెట్టె చెడు నీటిని పీలుస్తూనే ఉంటుంది. ఆ లాగుడుకి పుండు అంచులు దగ్గరపడతాయి, అడుగునుంచి కొత్త కండ లేస్తుంది. రోజుకి రెండు గంటలకి మించి ఆపకూడదు.

"నెలాఖరుకి సగమన్నా పూడాలి. లేకపోతే పాదంలో ముందుభాగం తీసేయక తప్పదు," అన్నాడు డాక్టరు. ఆ మాట ఇంట్లో మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. ఎత్తకుండానే అందరూ దాని చుట్టూ తిరుగుతున్నారు.

రెండు మూడు రోజులకోసారి నర్సమ్మ వచ్చి కట్టు మార్చేది. మార్చిన ప్రతిసారీ పుండు మీద శుభ్రమైన ప్లాస్టిక్ కాగితం పరిచి, అంచు వెంబడి గీత గీసేది. అది చూసి కుట్టుపని చేసే ఆమెకి ముచ్చటేసింది. చొక్కా చేతికి తాను కాగితం మీద గీసుకునే నమూనాలాగే ఉంది. ఆ కాగితాల్ని తుడిచి, తేదీ వేసి, తన నమూనాల పక్కన మేకుకి తగిలించేది. మొదటి రెండు వారాలూ గీతలు ఒకదానికన్నా ఒకటి చిన్నవవుతూ వచ్చాయి.

అంతలో నర్సమ్మ తల్లి మెట్ల మీంచి జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. "పిన్నీ, ఓ వారం మీరే మార్చగలరా? మీ చేతులు నా చేతులకన్నా నిలకడ," అందా అమ్మాయి. చేతులు కడుక్కోవడం, పొర అంటించడం, గొట్టం తగిలించడం రెండుసార్లు దగ్గరుండి చేయించింది. స్పాంజి కత్తిరించడం చూపించబోతే ఆమె నవ్వేసింది. "కత్తెర పట్టడం నాకు నేర్పుతావుటే అమ్మాయ్!" నర్సమ్మా నవ్వి ఊరుకుంది.

ఈ పొద్దున నర్సమ్మ తిరిగొచ్చింది. ఆఫీసుకి వెళుతూ దారిలో కూతురు కూడా వచ్చింది. తను పనిచేసే పోస్టాఫీసు కిటికీ తెరవడానికి ఇంకా గంట ఉంది.

నర్సమ్మ కట్టు విప్పింది. కాగితం పరిచి గీత గీసింది. పుండు చుట్టూ చర్మం నీళ్ళలో నానిన వేలికొసల్లా తెల్లబడి, అక్కడక్కడ ఊడిపోయింది.

"పెరిగింది పిన్నీ," అంది చివరికి. "ఉండండి, చేతులు కడుక్కుని వస్తాను."

నర్సమ్మ పెరట్లోకి వెళ్ళగానే కూతురు తండ్రి వైపు తిరిగింది.

"నాన్నా, పెట్టె ఆపేశావు కదూ?"

"స్నానానికి ఆపాను."

"మొన్న నేనొచ్చినప్పుడూ ఆపేసే ఉంది. ఏమిటా స్నానం, పెళ్ళికొడుకు స్నానమా? నిజం చెప్పు. రోజుకి ఎన్ని గంటలు?"

ఆయన ఒక్కసారి భార్య వైపు చూశాడు. తర్వాత పైకప్పు వైపు చూశాడు.

"ఆపాను. రోజూ ఆపాను. ఆ గోల పడలేకపోయాను."

"గోలా!" అంది కూతురు. "యాభైమందిని వెనకేసుకుని ముప్పై ఏళ్ళు బండికి ఒక్క గీత పడకుండా నడిపావు. నీ కాలు దగ్గరికొచ్చేసరికి ఆ జాగ్రత్త ఏమైంది? అది నీ ఒక్కడి కాలనుకున్నావా? అమ్మ రెండు పూటలా నీ పక్కన నేల మీద కూచుని..." మాట పూర్తి చేయలేక చెంగుతో మొహం కప్పుకుంది.



తల్లికి మాత్రం ఎక్కడో లెక్క కుదరలేదు. ఈ వారమంతా తన మిషను ఆపినప్పుడల్లా ఆ పెట్టె గురక చెవిన పడుతూనే ఉంది. ఆపి ఉంటే తనకి తెలియకుండా ఎలా ఉంటుంది?

నర్సమ్మ తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ వచ్చింది. ఆ మాటలు తన చెవినా పడ్డాయి. వంగి పెట్టె మీద మీటలేవో నొక్కింది.

"బాబాయ్, ఇది తను పనిచేసిన గంటలు తనే గుర్తుపెట్టుకుంటుంది. రోజుకి ఇరవైమూడు గంటలు నడిచింది. మీరు ఆపిందేమీ లేదు. ఎందుకలా చెప్పారు?"

ఆయన గోడ వైపు తిరిగాడు.

ఆమె లేచి మేకు దగ్గరికి వెళ్ళింది. తాను బాధ్యత తీసుకోకముందు గీసిన ఆఖరి కాగితం తీసింది. ఇవాళ్టిది దాని మీద పెట్టి కిటికీ వెలుగులో పట్టుకుంది.

లోపల ఒక గీత. బయట ఒక గీత. రెంటికీ మధ్య ఖాళీ చుట్టూరా ఒకేలా ఉంది. మెడలోని టేపు తీసి కొలిచింది. పైన అరంగుళం. కింద అరంగుళం. మడమ వైపు అరంగుళం.

పుండు దానంతటది పెరిగితే ఇంత తూకంగా పెరగదు. ఇది చేతిపని. ఎవరి చేతిదో ఆమెకి తెలుసు. బట్ట ఏదైనా, కొలత ఎవరిదైనా, గీతకి అరంగుళం బయట కత్తిరించడం ఆ చేతికి అలవాటు. కుట్టుకి వదలాలి కదా.

"అమ్మాయ్," అంది నర్సమ్మతో. "స్పాంజి పెద్దదైతే ఏమవుతుంది?"

నర్సమ్మ ఆ రెండు కాగితాలూ చూసింది. ఆమె చేతిలోని టేపు చూసింది. అర్థమైంది.

"పుండు బయట మంచి చర్మం మీద కూచుంటుంది పిన్నీ. తడి పట్టేసి ఆ చర్మాన్ని కూడా నానబెడుతుంది."

"నేనే చేశాను," అంది ఆమె కూతురితో. "మీ నాన్న కాదు. నా కత్తెర."

కూతురు చెంగు దించి ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. తల్లి నేరుగా మంచం దగ్గరికి వెళ్ళింది.

"మీకు తెలుసా?"

"నర్సమ్మ పెట్టే ముక్క చిన్నదిగా ఉండేది," అన్నాడాయన గోడతోనే. "నీది పెద్దదిగా ఉండేది. చూశాను."

"మరి చెప్పరేం?"

"నీ కత్తెరకి నేను వంక పెట్టడమేమిటి? ముప్పై ఏళ్ళలో ఒక్క ముక్క పాడుచేసినదానివి కాదు. నీకే తెలిసి ఉంటుందనుకున్నాను. ఇవాళ వీళ్ళ ముందు నువ్వు తల దించుకోవడం నేను చూడలేను. నాకు తిట్లు అలవాటే, డ్రైవర్ని."

ఆమె మంచం పక్కన నేల మీద కూచుంది. ఏడుపు కన్నా ముందు కోపం వచ్చింది.

"నా పేరు నిలబెట్టడానికి మీ కాలు పోగొట్టుకుంటారా? అంత ఖరీదైనదా నా కత్తెర? బట్ట పాడైతే ఇంకో బట్ట కొంటాను. మీ పాదం ఏ కొట్లో కొనను?" ఇక ఆగలేదు. ఆయన పాదాన్ని, పుండుకి తగలకుండా, రెండు చేతుల్లోకి తీసుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. ఆయన చేయి వచ్చి ఆమె తల మీద ఆగింది.

కూతురు వచ్చి తండ్రి పక్కన కూచుంది. "నాన్నా, అన్నన్ని మాటలన్నాను."

"అందులో ఒకటి బాగుంది. బండికి గీత పడలేదన్నావు. అది నిజమే."

కూతురు కన్నీళ్ళతోనే ఫక్కున నవ్వింది.

నర్సమ్మ దీపం దగ్గరికి జరిపి పుండు లోపల చూపించింది. "ఇటు చూడండి పిన్నీ. అడుగున కండ ఎర్రగా, గింజలు గింజలుగా లేచింది. పెట్టె తన పని తాను చేసుకుంటూనే ఉంది. చెడింది పైచర్మమే. దానికి రక్షణగా మందు పూస్తాను, కోలుకుంటుంది. నేను చూపించకుండా వెళ్ళడమూ తప్పే." కొత్త స్పాంజి, కత్తెర తీసి ఆమె ముందు పెట్టింది. "రండి, ఈసారి మీరే."

"నేనా? వద్దు."

"మీరే. స్పాంజి గీత మీదే. పైన అంటించే పొరకి మాత్రం వదలండి, రెండంగుళాలు వదలండి. మీ సరదా అక్కడ తీర్చుకోండి."

ఆమె కత్తెర పట్టుకుంది. ముప్పై ఏళ్ళ కింద మొదటి చొక్కా కత్తిరించిన రోజున కూడా గీతని అన్నిసార్లు చూసుకోలేదు.

"కత్తిరించు," అన్నాడాయన. "చూస్తున్నాను. పెద్దదైతే చెప్తాను."

గీత మీద కత్తిరించింది. ముక్క పుండులో ఒదిగి కూచుంది. పొర అంటించి, గొట్టం తగిలించి మీట నొక్కగానే పెట్టె ఒకసారి కీచుమంది. ఆమె పొర అంచు మీద వేలితో రాసింది, బట్ట మడత అణిచినట్టు. కీచుమనడం ఆగింది. స్పాంజి ముడుచుకుని గట్టిపడింది. సన్నటి గురక మొదలైంది.

"నీ సవతి శాంతించింది," అన్నాడాయన.

నెలాఖరుకి డాక్టరు కాగితాలన్నీ ఒకదాని మీద ఒకటి పెట్టి చూశాడు. "సగం అన్నాను కదా. సగం దాటింది," అని కోత మాట కొట్టేశాడు. ఆ తర్వాతి నెల పుండు బొత్తాం కాజా అంత అయింది. పెట్టెని వెనక్కి పంపేశారు. ఇల్లు ఒక్కసారిగా మూగబోయినట్టయింది.

ఆ మర్నాడు పొద్దున ఆయన మంచం మీంచి తలెత్తి ఆమె చేతిలోని చొక్కాని చాలాసేపు చూశాడు.

"ఆ కాలరు ఎడమవైపు కొంచెం వంకర పోయింది."

ఆమె మిషను ఆపింది. టేపు తీసి రెండువైపులా కొలిచింది. రెండూ సమానమే.

"వంకరేం లేదు. మీ కళ్ళజోడు మార్చాలి," అంది. మిషను మీద మళ్ళీ కాలు వేసి, ఏదో గుర్తొచ్చినట్టు ఆగి ఆయన వైపు తిరిగింది. "కానీ చెప్పండి. కనిపించినప్పుడల్లా ఇలాగే చెప్తూ ఉండండి."