గోబి ఆకుల టీచరమ్మ

"ఆ ఆకులు పారెయ్యకండి. నాకియ్యండి."

హుస్నాబాద్ అంగట్లో గోబిపువ్వుల కుప్ప ముందు కూర్చున్న యువకుడు తలెత్తి చూశాడు. ఒక్కో పువ్వు చుట్టూ ఉన్న పచ్చటి ఆకులు విరిచి వెనక్కి విసిరేస్తున్న చెయ్యి మధ్యలోనే ఆగింది. అతని పేరు జలపతిరావు. డిగ్రీ చదివి, ఉద్యోగానికి పోకుండా బావి కింద గోబి పెట్టి, పండిన పంటను తానే కూర్చుని అమ్ముకుంటున్నాడు. ఆ పని వాళ్ల బాపు సీతారాంరావుకు నామోషీ అని ఊరందరికీ తెలుసు.

"మీకు బర్రెలున్నయా టీచర్?"

"లేవు," అంది ప్రమోదిని. ఆమె గర్ల్స్ హైస్కూల్‌కి ఆ యేడే వచ్చిన సైన్స్ టీచర్.

"మేకలు?"

"నేనే తింట."

పక్కన ఉల్లిగడ్డలు అమ్మే భూమన్న కిసుక్కున నవ్వాడు. ఆ నవ్వుతో జలపతికి హుషారెక్కింది. "గవి పసులకేసేటియి టీచర్. సర్కారోళ్లు జీతమిస్తలేరా ఏంది?"

ప్రమోదినికి ఒళ్లు మండింది. గొంతు మాత్రం తగ్గించలేదు.

"జీతం మంచిగనే ఇస్తున్రు. నాకు నెలసరి సక్కగ వస్తలేదు. మూడు నెలలకొకసారి వస్తది, వస్తే పది దినాలు ఆగది. కరీంనగర్ల డాక్టరమ్మ గోబిపువ్వు, దాని ఆకులు, గోబిగడ్డ, మూలి, ఆవాలాకు తినుమన్నది. ఇంకేమన్న అడిగేదున్నదా?"

చుట్టుపక్కల బేరాలు ఆగిపోయాయి. భూమన్న ఉల్లిగడ్డల్లోకి తల దించుకున్నాడు. జలపతి చెవులు ఎర్రబడ్డాయి. పారేసిన ఆకులన్నీ ఏరి, మట్టి దులిపి ఆమె సంచిలో పెట్టాడు.

"లేదు," అన్నాడు మెల్లగా. "తప్పయింది టీచర్."

ప్రమోదిని సంచి భుజానికేసుకుని అంగడి దాటింది.

పదహారో యేటి నుంచీ ఆ సంగతి ఆమె ఇంటి బయట ఎవరికీ చెప్పలేదు. కన్నతల్లి అవ్వ కషాయాలు కాచి పోసింది, ముడుపులు కట్టింది, నోరు మాత్రం విప్పొద్దంది. చివరికి జీతం చేతికొచ్చాక ప్రమోదిని ఒక్కతే బస్సెక్కి కరీంనగర్‌లో డాక్టర్ మక్సూదా దగ్గరికి పోయింది. డాక్టరమ్మ రక్తం పరీక్ష చేయించి, గోలీలు రాసి, రోజూ నడవమని చెప్పింది. క్యాబేజీ, ముల్లంగి లాంటి కూరగాయల పేర్లు విడిగా ఒక చీటీ మీద రాసిచ్చింది.

"గివి మందు కాదు బేటా. గోలీ గోలీనే. ఒంట్ల హార్మోన్లు సర్దుకునేటందుకు గీ జాతి కూరగాయలు జర మదత్ చేస్తయి. ఉడికిచ్చి తిను. సిగ్గు పడుడు మాత్రం బంద్ చెయ్."

గోలీలు, కూరలు సులువే. సిగ్గు మానడం మాత్రం అంగట్లో మొదలైంది.

మరుసటి వారం ప్రమోదిని కావాలనే తలెత్తుకుని అదే కుప్ప ముందు నిలబడింది. జలపతి కడిగి కట్టలు కట్టిన ఆకులు తీశాడు. వాటి మీద లేతాకుపచ్చ గడ్డ ఒకటి పెట్టాడు.

"ఇది నూల్కోల్. గా జాతిదే. మీకోసమే పెట్టిన."

"వారంలనే పెరిగిందా?"

"అంటే, నాటలేదు టీచర్. పక్కకు పెట్టిన."

ఆమె నవ్వు ఆపుకోలేకపోయింది. అతనూ నవ్వాడు. ఆ నవ్వులో వెక్కిరింత లేదు.

చలికాలమంతా అంగడి రోజు కోసం ఆమె వేళ్ల మీద లెక్కపెట్టుకుంది. పండించేవాడు గోబి తినడని తెలిసి పెసరపప్పుతో వండి టిఫిన్‌లో తెచ్చింది. "వాసనస్తది టీచర్," అంటూనే అతను గిన్నె ఖాళీ చేశాడు. క్యాలెండర్ మీద ఆమె పెట్టుకునే ఎర్ర గుర్తులు మెల్లగా దగ్గరకొస్తున్నాయి. అది గోలీల వల్లో, నడక వల్లో, ఆకుల వల్లో ఆమెకు తెలియదు. తెలుసని ఎవరికీ చెప్పలేదు కూడా.

మాఘంలో ఒక ఆదివారం తోట చూడ్డానికి పోయినప్పుడు అకాలవాన పట్టుకుంది. ఇద్దరూ మోటారు గది చూరు కిందికి పరుగెత్తారు. వాన చినుకులు గోబి ఆకుల మీద నిలవకుండా ముత్యాల్లా జారిపోతున్నాయి. జలపతి వాటినే చూస్తూ, "నేను మిమ్మల్ని చేసుకోవాలనుకుంటున్న టీచర్. మీకిష్టమైతెనే," అన్నాడు.

"ఇష్టమే. కానీ మీ ఇంటోళ్లకు అన్నీ చెప్త. పిల్లలు అయితరో లేదో డాక్టరమ్మ సుత చెప్పలే."

"విత్తనాలకు హామీ అడుగుత. మనుషులకెందుకు అడుగుత?"

ఆమె చెయ్యి అతని తడి చేతిలోకి ఎప్పుడు పోయిందో ఇద్దరూ గమనించలేదు.

ఫాల్గుణంలో సీతారాంరావు, ఆయన భార్య సరళాదేవి పిల్లను చూడ్డానికి ప్రమోదిని ఇంటికి వచ్చారు. వెంట జలపతి. చాయ్ అందించాక సరళాదేవి మర్యాదగా అడిగింది, "పానం మంచిగుంటదా బిడ్డకు?"

"నా బిడ్డకేం రోగం లేదమ్మా," అంది అవ్వ తొందరగా.

"ఆగు అవ్వా," అంది ప్రమోదిని. అంగట్లో చెప్పిందంతా కూర్చుని మళ్లీ చెప్పింది. పిల్లల సంగతి డాక్టరమ్మ చెప్పలేనన్నదని కూడా చెప్పింది.

సీతారాంరావు కప్పు కింద పెట్టేశాడు. "ఆడిపిల్ల మాట్లాడే మాటలేనా గివి?"

"ఆడిపిల్లకే వస్తది కదా. ఇంకెవరు మాట్లాడాలె?"

ఆయన లేచాడు. సరళాదేవి ఆయన వెంట నడిచింది. గడప దగ్గర ఆయన వెనక్కి తిరిగి కొడుకుని పిలిచాడు.

"నేను రాను బాపు," అన్నాడు జలపతి. "నా చాయ్ ఇంక అయిపోలే."

పది రోజులు ఏ కబురూ లేదు. "ఒప్పుకోకపోతే నేనే ఇల్లు కిరాయికి తీసుకుంట," అని జలపతి, "మీ అవ్వ మాట వినకుండ నేను రాను," అని ప్రమోదిని, అంగట్లోనే పోట్లాడుకున్నారు.

పదకొండో రోజు సరళాదేవి స్కూలుకొచ్చింది. తోడు లేకుండా బస్సెక్కడం ఆమెకు అదే మొదలు. ఖాళీ క్లాసురూములో బెంచీ మీద కూర్చుని కొంగు సర్దుకుంది.

"ముప్పై రెండేండ్లకే నా గర్భసంచి తీసేసిన్రు బిడ్డా. ఐదేండ్లు రక్తం పోయింది. చెప్పుకోవాలంటే సిగ్గు. చెప్పినంక పట్నం తీస్కపోయిన్రు, తీసేసిన్రు. ఉంచాల్నా, తియ్యాల్నా అని నన్నెవ్వలు అడగలే. నువ్వు గట్ల కూసొని చెప్తుంటే, ఆ మాట నా నోట్లెకెల్లి వస్తున్నట్టే అనిపిచ్చింది."

ప్రమోదిని ఆమె చెయ్యి పట్టుకుంది.

"నిన్న మీ మామకు ఇదంత చెప్పిన. వైశాఖంల లగ్గమని సుత చెప్పిన."

"ఒప్పుకున్నరా?"

"నేను అడగలే బిడ్డా. చెప్పిన."

ప్రమోదినికి నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. అంతలో బెల్లు మోగి తొమ్మిదో తరగతి పిల్లలు లోపలికొచ్చారు. సరళాదేవి లేవలేదు. "ఇయ్యాల ఏం పాఠం?" అని అడిగింది.

ప్రమోదిని సుద్దముక్క తీసుకుని బోర్డు మీద పెద్ద అక్షరాలతో 'నెలసరి' అని రాసింది.

సరళాదేవి చివరి బెంచీకి పోయి ఇద్దరు ఆడపిల్లల మధ్య సర్దుకుని కూర్చుంది. కాసేపటికి, తల్లి ఒక్కతే వచ్చిందని తెలిసి వెతుక్కుంటూ వచ్చిన జలపతి వరండాలోంచి పిలిచాడు. "అవ్వా, బస్సుకు టైమయితుంది."

"నువ్వు పో కొడుకా. నేను విన్నంక వస్త."

అతను పోలేదు. కిటికీలోంచి ప్రమోదిని వైపు చూశాడు. ఆమె వేలితో వరండా చూపించింది.

"అక్కడ కూసొని వినండి. మీకు సుత పనికొస్తది."

జలపతిరావు చెప్పులు విడిచి, గోడకు ఆనుకుని బుద్ధిగా కూర్చున్నాడు. పిల్లలు కిలకిలమన్నారు. ప్రమోదిని బోర్డు వైపు తిరిగి పాఠం మొదలుపెట్టింది.