చదరపు బ్రాకెట్లో ముప్పై నిమిషాలు

పదకొండుంపావుకి టోర్వాల్డ్ ట్వైట్‌ని ఎవరో వెనకనుంచి కాల్చేశారు. ఏజెంట్ ఆర్విడ్ హౌగెన్ అమెరికాలోని డులూత్ రేవులో ఉన్న అతని వర్క్‌షాపుకి చేరేసరికి బల్ల మీద కాఫీ ఇంకా వెచ్చగానే ఉంది. ఆర్విడ్‌కి రేడియో విద్య నేర్పిన మనిషి ట్వైట్. ఏడవడానికి కూడా టైము లేనందుకు ఆర్విడ్‌కి ఒళ్లు మండింది.

బల్ల మీద, విదేశీ ముఠా నుంచి నిన్న పట్టుకున్న రేడియో సెట్. కీబోర్డు, చిన్న తెర. తుపానులో సుపీరియర్ సరస్సు దాటి వస్తున్న ఖనిజం ఓడ అడుగున ముఠా అమర్చిన బాంబు ఈ సెట్ మాటే వింటుంది. పేలేది సరిగ్గా పన్నెండుకి. ఓడలో ఇరవై తొమ్మిది మంది. ఆ అలల్లో పడవలు దించడం అసాధ్యం.

శవాన్ని మొదట చూసింది కొరిన్ బాల్‌ఫర్. పదేళ్లు రేడియో ఆపరేటర్‌గా చేసిన అందగత్తె, ఆర్విడ్‌కి సహచర ఏజెంటు. సెట్ మాన్యువల్లో మిగిలిన ఒక్క పేజీ ఆమె చేతిలో ఉంది. బాంబుని ఆపే కమాండు అందులోనే ఉంది. ముందు ‘ఆపు’ అనే మాట. తర్వాత కోణపు బ్రాకెట్లలో స్టేషన్ నంబరు, అంటే అక్కడ మన నంబరు కొట్టి తీరాలి. చివర చదరపు బ్రాకెట్లలో ‘ఎన్ని నిమిషాల తర్వాత’, అంటే అది కొట్టినా మానినా కమాండు తీసుకుంటుంది.

పదకొండు యాభై ఆరు.

“బాంబు స్టేషన్ ఏడు. ఏడు కొట్టి ఎంటర్ నొక్కెయ్,” అంది కొరిన్. “చదరపు బ్రాకెట్లో ఉన్నది అక్కర్లేదు. ఫీల్డులో అదెవడు కొడతాడు?”

నిజమే, ఎవరూ కొట్టరు. ఆర్విడ్ కూడా ఎన్నడూ కొట్టలేదు. కానీ ట్వైట్ ఆ అలవాటు మీద తిట్టని రోజు లేదు. నువ్వు చెప్పకపోతే యంత్రం ఊరుకోదు, తన కడుపులో ఉన్న అంకె తీసి వేసుకుంటుందనేవాడు. ఆ అంకె ఎంతో పేజీ అడుగున ఉంటుంది.

ఈ పేజీకి అడుగు లేదు. కత్తెరతో కత్తిరించినంత నున్నగా పోయింది.

“కింద ఏముంది కొరిన్?”

ఆమె నవ్వింది. “ట్వైట్ కూడా ఇదే అడిగాడు.”

ఆమె చేతిలో లిప్‌స్టిక్ గొట్టంలా ఉన్న తుపాకీ పేలింది. ఆర్విడ్ ఎడమ భుజం చీలిపోయింది. స్టూలు ఎత్తి ఆమె మీదకి విసిరాడు. తల గోడకి కొట్టుకుని ఆమె కూలబడింది. ఒంటి చేత్తో కొట్టాడు: ఆపు, ఏడు, సున్నా.

పన్నెండుకి మూడు సెకన్లుండగా తెర మీద ‘ఆగింది’ అని పడింది.

కత్తిరించిన ముక్క ఆమె హ్యాండ్‌బ్యాగులో దొరికింది. అంకె ఇవ్వకపోతే ముప్పై నిమిషాల తర్వాతే ఆపుతుందని ఉంది. ఆమె చెప్పినట్టే కొట్టి ఉంటే కమాండు అందిందని తెర ముచ్చటగా చెప్పేది, పన్నెండుకి ఓడ పేలిపోయేది. పేజీ మొత్తం మాయం చేస్తే అనుమానం వస్తుందని ముక్క మాత్రమే కోసింది. ట్వైట్ అది చూసేశాడు, చచ్చిపోయాడు.

ఆర్విడ్ గురువు పక్కన నేల మీద కూర్చుని అప్పుడు ఏడ్చాడు.

ఓడ క్షేమంగా రేవు చేరింది. బాంబు సంగతి రహస్యం కాబట్టి ఎవరికీ చెప్పలేదు. ఆ రోజు గురించి రేవు రికార్డుల్లో ఉన్నది కెప్టెన్ ఇచ్చిన ఫిర్యాదు ఒక్కటే: సరిగ్గా పన్నెండుకి ఎవడో పనిలేనివాడు మా రేడియోలో గరగర పెట్టాడు, తగిన చర్య తీసుకోగలరు.