పసుపు పెట్టిన బోల్టు

రండి నాయనా, దగ్గరికి జరగండి. వెనక గోడకు ఆనుకున్న అమ్మలూ, మీరూ ముందుకు రండి. ఇది గట్టిగా అరిచి చెప్పే కథ కాదు, మన చెవికి అందని ఒక గొంతు కథ. మొదలుపెట్టే ముందు ఆ ఏనుగు మొగం సామికి ఒక దణ్ణం పెట్టుకుందాం. ఈ కథలో ఆయన బంధువులు చాలామందే ఉన్నారు.

రాబోయే కాలంలో జరిగిందనుకోండి. చిత్తూరు కొండల అంచున గుండ్లమడుగు అనే ఊరు. పొద్దు వాలుతోంది. కోతకొచ్చిన రాగి చేను గట్టు మీద ఒక జీపు ఆగి ఉంది. ఎదురుగా ఏనుగుల మంద, నడుమ ఒక గున్న.

"మేడమ్, పోవాల్సినవి వస్తా ఉండాయి" అన్నాడు డ్రైవరు చెంగల్రాయులు.

"కనిపిస్తోందయ్యా" అంది డాక్టర్ హైమవతి. జీపులోని యంత్రం ఆవిడ తయారు చేసిందే.

చేను రెడ్డెమ్మది. ఆమె రేకుడబ్బా, కట్టె పట్టుకుని గట్టు మీద నిలబడింది. "ఏమి పాట పెట్టినావన్నా? పెళ్ళికి పిలిచినట్టు వస్తా ఉండాయి!"

ఆ యంత్రం ఏమిటో చెబుతాను. ఊరేగింపుల్లో కారు డిక్కీలోంచి గుండెలు దడదడలాడించే పెట్టె చూశారు కదా, అది సబ్‌వూఫర్. సన్న గొంతును లావు గొంతు చేసి దానికి అందించేది యాంప్లిఫయర్. హైమవతి చేసిన యంత్రం అదే, కాకపోతే ఇంకా లోతుగా పలుకుతుంది. ఏనుగులు మనకు వినిపించనంత లోతు గొంతుతో మైళ్ళ దూరం మాట్లాడుకుంటాయి. ఆ భాషలో "ప్రమాదం, వెనక్కి పొండి" అనే పిలుపును ఆవిడ పట్టుకుంది. జీపులోంచి అది వినిపిస్తే మంద అడవికి మళ్ళుతుంది. ఇక రాత్రంతా మంచె మీద ఎవరూ మేలుకోనక్కర్లేదు.

ఆ 'ఎవరూ' అన్నది ముఖ్యంగా మన చెంగల్రాయులే. ఏనుగుల కాపలాలో అతని నల్ల జుట్టు తెల్లబడింది. కూర్చుని నిద్రపోతాడు, నిలబడి నిద్రపోతాడు, తింటూ కునికితే ముద్ద చేతిలోనే ఎండిపోతుంది. ఈ సందెవేళ పరీక్షలో యంత్రం నెగ్గితే కాపలా ఎత్తేసి ఇంటికి పంపిస్తామని ఫారెస్టు ఆఫీసు మాటిచ్చింది. అతను దేవుడిని అడిగింది ఒకటే: కాళ్ళు చాపుకుని, తెల్లారేదాకా నిద్ర.

పోయిన వారం దాకా యంత్రం బాగానే పలికింది. మరి ఇప్పుడు మంద ఎందుకు ఎదురొస్తోంది?

హైమవతి జీపు వెనక్కి ఎక్కింది. యాంప్లిఫయర్ మీద పచ్చ లైటు వెలుగుతోంది, ఫ్యూజు బాగుంది. పెట్టె మీద చెయ్యి వేస్తే లోపల్నించి దుడుం... దుడుం... అని మెల్లని అదురు. పిలుపును అందించే సిగ్నల్ వైరు పీకేసింది. అయినా అదురు ఆగలేదు.

"అంటే ఇది మన పిలుపు కాదు. యాంప్లిఫయర్ తనంతట తానే ఏదో అంటోంది."

కరెంటు కొలిచే మల్టీమీటర్ పెట్టింది. బ్యాటరీ దగ్గర వోల్టేజి నిండుగా ఉంది. యాంప్లిఫయర్ దగ్గర మాత్రం పడుతోంది, లేస్తోంది, మళ్ళీ పడుతోంది. కరెంటుకు పోయే దారి ఒకటి ఉంటే తిరిగొచ్చే దారి ఒకటి ఉండాలి. బండిలో ఆ తిరుగుదారి బండి ఇనుప ఒళ్ళే. నల్ల వైరును ఒట్టి ఇనుముకు బోల్టేసి బిగించాలి, దాన్నే ఎర్త్ అంటారు. ఆ దారి ఇరుకైతే యాంప్లిఫయర్‌కు ఊపిరాడదు. కాస్త పీలుస్తుంది, ఆగుతుంది, మళ్ళీ పీలుస్తుంది.

హైమవతి స్పానర్‌తో ఆ బోల్టు ఊడదీసింది. అదురు ఆగిపోయింది. వైరు కొస కింద, ఇనుము మీద, పసుప్పచ్చగా ఎండిన ముద్ద. నడుమ ఎర్రటి చుక్క.

"ఏంటిది?"

చెంగల్రాయులు తల గోక్కున్నాడు. "మొన్న ఆయుధ పూజ కదా మేడమ్. బొట్టు పెట్టకుండా బండెట్ల ఎక్కేది?"

"బోల్టు కిందా పెడతారు బొట్టు?"

"పైన పెడితే చెరిగిపోతాదని... ఊడదీసి లోపల పెట్టి బిగించినా. సంవత్సరమంతా ఉంటాదని."

ఆవిడకు కోపం వచ్చింది, నవ్వూ వచ్చింది. గరుకు కాగితం తీసుకుని గీకబోయింది. సరిగ్గా అప్పుడు గట్టు మీంచి రెడ్డెమ్మ కేక. "మేడమ్మా! చేలోకి దిగతా ఉండాయి!"

అదురు ఆగిన దగ్గర్నించీ మంద కలవరపడుతోంది. గున్న కీచుమంది. పెద్ద ఏనుగు తొండమెత్తి నాలుగు దిక్కులా వెతుక్కుంది, తర్వాత రాగి చేను వైపు అడుగేసింది. హైమవతి చటుక్కున వైరును ఆ పసుపు మీదే పెట్టి బిగించింది. దుడుం... దుడుం... మొదలైంది. పెద్ద ఏనుగు ఆగింది. చెవులు చాచి జీపు వైపు తిరిగింది. గున్న తల్లి కాళ్ళ సందున చేరి కుదురుకుంది.

ఆ అదురు వాటికి ఏమని వినిపించిందో ఆ సామికే ఎరుక. తల్లి బిడ్డను దగ్గరికి పిలిచే కూత అయి ఉంటుందని హైమవతి తర్వాత రాసుకుంది.

"గీకేయండి మేడమ్, తప్పు నాదే" అన్నాడు చెంగల్రాయులు.

ఆవిడ గరుకు కాగితం జేబులో పెట్టుకుంది. "ముందు బండి తియ్యి. మెల్లగా, కొండ వైపు."

జీపు ముందు, మంద వెనక. రాగి చేలో ఒక్క కంకి విరగలేదు. పరీక్ష నెగ్గింది.

అమ్మలారా, కథ ఇక్కడ ఆపితే మీరు సంతోషంగా లేచిపోతారు. కానీ మర్నాడు సందెవేళ మంద మళ్ళీ వచ్చింది, మేతకు కాదు, జీపు కోసం. కనబడకపోతే ఊళ్ళోకి వచ్చి వెతికింది. హైమవతి ఆ అదురును రికార్డు చేసి కొత్త జీపులో, శుభ్రమైన ఎర్త్‌తో వినిపించింది. ఏనుగులు విన్నాయి, వింటూనే చేలు మేశాయి, వెంట మాత్రం రాలేదు. పాత జీపుకే వేరే డ్రైవరును పెట్టారు. పెద్ద ఏనుగు కిటికీలోకి తొండం పెట్టి వాసన చూసి వెనక్కి తిరిగిపోయింది. బండీ కావాలి, మనిషీ కావాలి.

నెగ్గితే ఇంటికి పంపిస్తామన్న ఆఫీసు, నెగ్గింది గనకే పంపలేదు. ఏ మనిషీ మేలుకోనక్కర్లేకుండా చేసిన యంత్రం ఒక మనిషిని శాశ్వతంగా మేలుకోబెట్టింది. రోజూ సందెవేళ మందను కొండకు తీసుకుపోవాలి, తెల్లారేదాకా అక్కడే ఉండాలి. ఊరంతా హాయిగా పడుకుంది.

రెడ్డెమ్మ కోత అయిపోయింది, రాగులు ఇల్లు చేరాయి. ఆ సాయంత్రమే ఆమె సంకటి మూట పట్టుకుని వచ్చి జీపులో కూర్చుంది.

"చేను కోసేసినావు కదమ్మా, ఇంకేం పని నీకీడ?"

"నా చేను ఇంటికి చేరింది. నువ్వు చేరలేదు కదన్నా."

రోజూ అట్లా పక్కన కూర్చుంది. పెద్ద ఏనుగు ఆమె వాసన కూడా చూసింది, ఊరుకుంది. ట్రాక్టరు తోలిన చెయ్యి ఆమెది. ఒకనాడు స్టీరింగు ముందు తనే కూర్చుని, "దిగన్నా, ఇంటికి పో. ఈ పూట నా వంతు" అంది. వాసన అలవాటైన మంద ఆమె వెనకే కొండకు నడిచింది.

చెంగల్రాయులు ఇంటికి పోయి కాళ్ళు చాపుకున్నాడు. పొద్దెక్కినా లేవలేదు. ఇంట్లో వాళ్ళు భయపడి ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తే, గురక.

పోయి రండి నాయనా. యంత్రాన్ని మరిచిపోయినా ఫరవాలేదు, రెడ్డెమ్మ చేసిన ఆ ఒక్క పని మరవకండి. మీరు పడుకున్నాక మీ కోసం మేలుకునే వాళ్ళెవరో ఒకరు మీ వీధిలోనూ ఉంటారు. మీ పని అయిపోయిన రోజున వాళ్ళ దగ్గరికి వెళ్ళండి. ఒక్క పూట వాళ్ళ వంతు మీరు తీసుకోండి.