రెండో కోల్డ్ రూమ్ పలికింది

నల్లంపల్లి దాటాక హైవే పక్కనే మా ఫ్యాక్టరీ. ఎండాకాలం మామిడి గుజ్జు తీస్తాం. ఆ నెలల్లో ఆవరణంతా పులిసిన తొక్కల వాసన, ఎటు చూసినా తేనెటీగలు. మామిళ్లు అయిపోయాక కోల్డ్ రూముల్లోకి చింతపండు మూటలు వస్తాయి. తొప్పూరు ఘాట్ రోడ్డు ఎక్కి వచ్చిన లారీలు ఇంజను ఆపకుండా గేటు ముందు నిలబడి ఉంటాయి. చూసేవాళ్లకు అక్కడ భయపడాల్సిందేమీ కనబడదు.

నా పేరు కీర్తిక. అక్కడ కంప్యూటర్లు, నెట్‌వర్క్ చూసుకునేది నేనే. మా ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. ఆఫీసులో నాతో తెలుగు మాట్లాడే మనిషి ఒక్కడే ఉండేవాడు, మాదేషన్న. నెట్‌వర్క్ టెక్నీషియన్. కేబుల్ లాగుతూ కూడా నవ్వుతూ ఉండేవాడు. మొన్నటి మామిడి సీజన్‌లో చనిపోయాడు.

చనిపోయాడు అనడం కూడా నాకిష్టం లేదు. చంపేశారు.

రెండో కోల్డ్ రూములో నెట్‌వర్క్ స్విచ్ పాడైంది. స్విచ్ అంటే ఆ గది కేబుళ్లన్నీ వచ్చి కలిసే పెట్టె. మా మేనేజరు వరదరాజన్, చూసి రమ్మని మాదేషన్నను లోపలికి పంపాడు. లోపల గదిని చల్లబరిచే అమ్మోనియా పైపుకు చిల్లు పడింది. గోడ మీది సెన్సార్ పసిగట్టి అలర్ట్ పంపింది. అది ఒక్క ఫోనులోనూ మోగలేదు. పాత మానిటరింగ్ సాఫ్ట్‌వేర్ అయినదానికీ కానిదానికీ అరుస్తోందని, ప్రింటర్లో కాగితం అయిపోయినా నిద్ర లేపుతోందని, వరదరాజన్ అంతకు ముందే దాని నోరు కట్టేశాడు. తలుపు లోపలి గడియ బిగుసుకుపోయింది. మాదేషన్న ఎంతసేపు తలుపు బాదాడో ఎవరికీ తెలియదు.

విచారణకు వచ్చినవాళ్లతో వరదరాజన్, "ఎవరికీ చెప్పకుండా లోపలికి పోయాడు" అన్నాడు.

నేను లేచి నిలబడ్డాను. "అబద్ధం. మీరే పంపారు. నా ఎదురుగా పంపారు."

"పాపం, ఆ అమ్మాయి షాక్‌లో ఉంది" అన్నారు వచ్చినవాళ్లు. టీ తాగి వెళ్లిపోయారు.

ఉద్యోగం మానేయమని ఇంట్లో అందరూ చెప్పారు. మా అవ్వ నంజమ్మ అయితే, "ఆ పాడు చోటికి ఏమిటికి పోతావే?" అని రోజూ తిట్టేది. నేను మానలేదు. మాదేషన్న పోయాక ఆ అలర్ట్‌లను తిరిగి ఫోన్లలో మోగేలా చేసింది నేనే. నేను పోతే ఆ ఫోన్లు మళ్లీ మూగబోతాయి. వరదరాజన్‌కు కావలసింది అదే.

సరుకు కొనే విదేశీ కంపెనీ కొత్త మానిటరింగ్ సాఫ్ట్‌వేర్ పెట్టి తీరాలని పట్టుబట్టింది. మా యజమాని మూడింటిని పోల్చి చూడమని నాకు అప్పజెప్పాడు. ఏ సర్వర్ బతికుంది, ఏ కేబుల్ తెగింది, ఏ గది ఎంత చల్లగా ఉంది అని ఇవి ఒక్కొక్కదాన్నీ క్షణం తీరిక లేకుండా పలకరిస్తూ ఉంటాయి. ఎవరైనా పలకకపోతే మనల్ని పిలుస్తాయి. అంతే వాటి పని.

మూడూ మూడు రకాలు. ఖరీదైనది తెలివైనది. ఒక స్విచ్ పోతే దాని వెనకున్న కెమెరాలన్నిటి కోసం గోల పెట్టదు, పోయినదాని పేరు మాత్రం చెబుతుంది. ఊరికే దొరికేదాన్ని మొదటినుంచీ మన చేత్తో కట్టుకోవాలి. చాలా చురుకైనదే గానీ, పాస్‌వర్డ్ ఉన్న ఎవడైనా దాని గొంతు నొక్కేయొచ్చు. మూడోది ఎక్కడో దూరాన వేరేవాళ్ల సర్వర్లలో నడుస్తుంది. ఫోనుకు చక్కగా మోగుతుంది, వానకు మా ఇంటర్నెట్ లైను పడిపోతే మాత్రం గుడ్డిదైపోతుంది. యజమాని అడిగిన ప్రశ్నలు చాలా ఉన్నాయి. నాకున్నది ఒక్కటే. లోపల మనిషి చిక్కుకున్నప్పుడు, ఏ మేనేజరూ ఆపలేనట్టు అరిచేది వీటిలో ఏది?

ఆ సాయంత్రం వాన పట్టుకుంది. షిఫ్టు ఇంకా మారలేదు. సర్వర్ రూముకు కిటికీలు లేవు కాబట్టి లోపల పగలైనా రాత్రైనా ఒకటే. ఫ్యాన్ల హోరు, వేడెక్కిన ప్లాస్టిక్ వాసన, చీకట్లో మిణుకుమనే పచ్చ దీపాలు. మూడు సాఫ్ట్‌వేర్లనూ మూడు తెరల మీద పెట్టుకుని కూర్చున్నాను. కేబుల్ ఒకటి లాగడం, ఏది ముందు కనిపెడుతుందో చూడడం, మళ్లీ తగిలించడం. ఏ ఒక్కసారీ మూడూ ఒక మాట మీద నిలబడలేదు. ఒకటి పోయింది అంటే ఇంకొకటి ఉంది అనేది.

అప్పుడు మూడు తెరల మీదా ఒకేసారి కొత్త పేరు వచ్చింది.

రెండో కోల్డ్ రూమ్ స్విచ్. పలుకుతోంది.

నాకు ముందు కోపం వచ్చింది. మాదేషన్న పోయాక ఆ పెట్టెను పీకి తుక్కులో పారేశారు. గదికి కరెంటు తీసేసి బయట తాళం వేశారు. ఎవరో కావాలని నాతో ఆడుకుంటున్నారనుకున్నాను. లేచి ర్యాక్ దగ్గరికి పోయి, ఆ గదికి పోయే కేబుల్‌ను వెతికి, కసిగా లాగేశాను.

తెర వైపు తిరిగాను.

పలుకుతోంది.

కేబుల్ కొస నా చేతిలో ఉంది. వేలాడుతోంది. మూడు తెరలూ పచ్చగా ఉన్నాయి.

మనం పలకరిస్తే జవాబు ఎంతసేపటికి తిరిగి వస్తుందో కూడా ఇవి చూపిస్తాయి. దూరం పెరిగేకొద్దీ ఆలస్యం పెరుగుతుంది. ఈ జవాబు మొదట ఎక్కడో సముద్రాల అవతలి నుంచి వచ్చినట్టు వచ్చింది. తర్వాత కొంచెం త్వరగా. తర్వాత ఇంకొంచెం.

దగ్గరికి వస్తోంది.

పక్కనే గదుల వేడిని చూపించే గీతలు ఉన్నాయి. లారీలకు సరుకెక్కించే హాలు గీత కిందికి జారింది, మళ్లీ లేచింది. తర్వాత క్యాంటీన్ గీత. తర్వాత మెట్లు. ఏదో చల్లనిది ఒక్కొక్క చోటూ దాటుకుంటూ నడుస్తోంది... దాని వెనక ఆ చోట్లన్నీ మళ్లీ మామూలుగా వేడెక్కుతున్నాయి.

మా వరండా గీత జారింది.

ముక్కుకు ఘాటు తగిలింది. సన్నగా... కళ్లు చెమర్చే ఘాటు. అమ్మోనియా.

తలుపు పిడి కదిలింది.

వరదరాజన్. చేతిలో తడిసిన గొడుగు. నాకు ప్రాణం లేచివచ్చింది. ఆ మనిషిని చూసి అలా అనిపించినందుకు మరుక్షణమే ఒళ్లు మండింది.

"రిపోర్టు అయిందా?" అన్నాడు తమిళంలో.

"కాలేదు సార్. తలుపు మూయండి. బయట ఏదో..."

"ఊరికే వచ్చేదే మంచిదని రాసెయ్. ఇన్నాళ్లు పోల్చడానికి ఇదేమైనా పెళ్లి సంబంధమా?"

"దాని గొంతు ఎవరైనా నొక్కేయొచ్చు సార్."

"అందుకే మంచిదంటున్నా. మధ్యాహ్నమే మూడింటికీ అలర్ట్‌లు ఆపేశాను. నీ పరీక్షలతో ఈ ఫోను నా ప్రాణం తీస్తోంది."

"మీ ప్రాణమా?" నా గొంతు నాకే కొత్తగా వినబడింది. "కింద మొదటి కోల్డ్ రూములో ఆడవాళ్లు మూటలు పేరుస్తున్నారు. మళ్లీ ఆపేశారా? ఒక మనిషిని చంపింది చాలలేదా మీకు?"

"నోరు జాగ్రత్త. చచ్చినవాడి పేరు చెప్పుకుని ఎన్నాళ్లు అరుస్తావు?"

"మీరు పంపినట్టు ఒప్పుకునేదాకా."

ఫోను మోగింది. ఆయన జేబులో. తర్వాత నాది. తర్వాత గోడ అవతల, మెట్ల కింద, గేటు దగ్గర... ఫ్యాక్టరీలో ఉన్న ప్రతి ఫోనూ ఒక్క గొంతుతో మోగింది.

ఆయన ముఖంలో రక్తం ఇంకిపోయింది. "ఆపేశాను కదా... నేను ఆపేశాను కదా..."

మూడు తెరలూ ఎర్రబడ్డాయి. మొదటి కోల్డ్ రూమ్. అమ్మోనియా.

"తప్పుడు అలర్ట్" అంటూ ఆయన మౌస్ మీద చెయ్యి వేశాడు. ఆపడానికే. ఇంకా ఆపడానికే చూస్తున్నాడు! నేను ఆయన మీదికి దూకబోయాను. అప్పుడే నా నోటి నుంచి పొగ వచ్చింది. ఊపిరి పొగ. గది మంచుగడ్డలా ఉంది.

ఫ్యాన్లు ఒక్కసారిగా ఆగాయి.

ఆ నిశ్శబ్దంలో, నా చెవి పక్కన, తెలుగులో...

"కీర్తీ... తలుపు తియ్యి పో... లోపల మనుషులుండారు..."

నేను పరుగెత్తాను. గడప దగ్గర ఒక్కసారి వెనక్కి చూశాను. వరదరాజన్ చెయ్యి ఇంకా మౌస్ మీదే ఉంది. ఆయన దాన్ని లాక్కుంటున్నాడు. రావడం లేదు. ఎవరూ లేని చోటు వైపు చూస్తూ, "వదులు... వదులు..." అంటున్నాడు.

కింద వాన హోరు. మొదటి కోల్డ్ రూము తలుపు పిడి రాలేదు. లోపలి నుంచి బాదుతున్న చప్పుడు నా అరచేతులకు తగులుతోంది. వాచ్‌మన్ మంజునాథ్ ఫోను చేతిలో పట్టుకుని పరుగున వచ్చాడు. ఇద్దరం ఇనుప గడ్డపారతో పిడిని పెకలించాం. తలుపు వచ్చింది. ఘాటు ముఖాన కొట్టింది. ఆడవాళ్లు దగ్గుతూ, ఒకరి కొంగు ఒకరు పట్టుకుని, గుడ్డివాళ్లలా బయటపడ్డారు. ఆఖరున పళనియమ్మాళ్ వచ్చింది. వాళ్లలో పెద్దది. వానలో కూలబడి నా కాళ్లు పట్టుకుని ఏడ్చింది.

"గడియ రాలేదమ్మా. ఎంత లాగినా రాలేదు."

అందరూ బతికారు. ఆ మాట నేను ఎన్నిసార్లయినా చెబుతాను. అందరూ బతికారు.

గ్యాసు వాల్వు మూసి, అంబులెన్స్‌కు చెప్పి, నేనూ మంజునాథూ పైకి పోయాం. సర్వర్ రూములో ఎవరూ లేరు. గొడుగు నేల మీద ఉంది.

మెట్లు దిగుతుంటే ఆ చప్పుడు వినబడింది. ధన్... ధన్... మెల్లగా. రెండో కోల్డ్ రూము లోపలి నుంచి.

బయట తాళం వేసినట్టే ఉంది. తాళం మీద సాలెగూడు కూడా చెదరలేదు. మంజునాథ్ దేవుడి పేరు తలుచుకుంటూ వెనక్కి అడుగులు వేశాడు. "వద్దక్కా... తీయొద్దు..." అన్నాడు. నేనే గడ్డపార తీసుకుని తాళం పగలగొట్టాను.

తలుపు బరువుగా తెరుచుకుంది. దాంతో పాటే వరదరాజన్ కూడా వచ్చాడు. ఆయన అరచెయ్యి తలుపుకు లోపలి వైపు అంటుకుపోయి ఉంది. మంచులో. కరెంటే లేని గదిలో, ఆ ఒక్క తలుపు మీద వేలెడు మందాన మంచు. గోరువెచ్చని నీళ్లు పోసి చెయ్యి విడిపించాం. ఆయన కళ్లు తెరిచే ఉన్నాయి.

ధర్మపురి ఆసుపత్రిలో యజమాని ఎదుట ఆయన అంతా చెప్పాడు. మాదేష్‌ను పంపింది తనేనని, అలర్ట్‌లు ఆపింది తనేనని. నేను పక్కనే నిలబడి విన్నాను. విన్నవాళ్లు ఏమన్నారో తెలుసా? "పాపం, ఆయన షాక్‌లో ఉన్నాడు" అన్నారు. విచారణ మళ్లీ తెరవలేదు. మాదేషన్న పేరు మీద వేసిన నింద అలాగే ఉంది. నా కోపమూ అలాగే ఉంది.

ఖరీదైన సాఫ్ట్‌వేర్‌నే తీసుకున్నాం. గ్యాసు అలర్ట్‌ను ఏ పాస్‌వర్డుతోనూ ఆపలేనట్టు అందులో నేనే కట్టాను. వరదరాజన్ ఉద్యోగం వదిలి తన ఊరు అదియమాన్‌కోట్టైలో ఇంటిపట్టున ఉన్నాడు. నాకు జాలి కలగలేదు. అలా చెప్పడానికి నాకు సిగ్గూ లేదు.

మొన్న ఆయన కూతురు నందిత ఫోన్ చేసింది. కాలేజీ పిల్ల. దానికేం తెలుసు పాపం? మెల్లగా, గుసగుసగా మాట్లాడింది.

"అక్కా, నాన్న అరచెయ్యి మానిపోయింది. కానీ చేతి వెనక వైపు వేళ్ల అచ్చులు పడ్డాయి. నల్లగా, మంచు కాల్చినట్టు. ఆయన చెయ్యి మీద ఇంకెవరో చెయ్యి పెట్టి తలుపుకు అదిమి పట్టినట్టు."

"డాక్టరుకు చూపించారా?"

"చూపించాం. మానిపోతాయన్నారు." దాని ఊపిరి ఫోనులో వినబడింది. "మానడం లేదక్కా. జరుగుతున్నాయి. ముందు మణికట్టు దగ్గరికి వచ్చాయి. తర్వాత మోచేతికి పాకాయి. నిన్న భుజం మీద చూశాను."

"ఇప్పుడు?" అన్నాను.

"ఈ పొద్దు," అంది నందిత, "గొంతు దగ్గర ఉన్నాయి. రెండు చేతులవీ."