ఎనిమిదో స్క్రూ

ముందుగాల్నే ఒక మాట ఒప్పుకుంట. గీ సంగతి ఎవ్వలకు చెప్పనని నేను ఒట్టేసిన. నాకు తెలిసినకాంచి ఆరేండ్లు కడుపుల పెట్టుకున్న, ఇగ నాతోని కాదు. పాలిటెక్నిక్‌ల ఎలక్ట్రానిక్స్ చదివిన ఒక పిల్ల, మంచిగున్న సామాన్‌ను కావాలని ఖరాబు చేసింది. అదీ వారం వారం.

ఆ పిల్ల పేరు సరళ. 1988ల సంగతి. కరీంనగర్ల వాళ్ల బాపు జగన్మోహన్‌రావుకు మైక్‌సెట్ దుకాణం ఉండె. మైకులు కిరాయికిచ్చుడు, స్పీకర్ డబ్బాలు చేసి అమ్ముడు వాళ్ల పని.

ఆషాఢం వానల ఒక ఆదివారం, తడిసి ముద్దయిన పిలగాడొకడు లోపలికొచ్చిండు. భుజానికి బేస్ గిటార్, చంకల స్పీకర్ డబ్బా. డబ్బా మీద నిండ రంగురంగుల జింకల బొమ్మలు.

"డబ్బా తడిసిందా?" అన్నది సరళ.

"నేను తడిసిన."

"మీకు వారంటీ మేం ఇయ్యలే కదా."

పిలగాని పేరు ప్రేమ్‌సాగర్. శ్రీరాంపూర్ బొగ్గుబాయి వర్క్‌షాపుల ఫిట్టర్. డ్యూటీ అయినంక ఆర్కెస్ట్రాల బేస్ గిటార్ వాయిస్తడు.

"నేను వాయిస్తే ఎవ్వలకు వినవడుతలేదు మేడం. మా మాస్టర్ కొత్తగ కీబోర్డు కొన్నడు. ఎడమచేత్తోని బేస్ గుడ అండ్లనే కొడుతుండు. గణపతి ప్రోగ్రాంల నా గిటార్ వినవడకుంటే ఇగ రావద్దన్నడు."

"డబ్బా ఎక్కడ చేపిచ్చిండ్రు?"

"నిర్మల్ల. మా మేనమామ చేసిండు. పొనికి కట్టె. ఒక్క చేత్తోని లేపొచ్చు," అన్నడు గర్వంగ.

సరళ వైరు తగిలించి లావు తీగ మీటింది. డబ్బా గిరగిరమన్నది. జింకలన్నీ చలిజ్వరమొచ్చినట్టు వణికినయ్.

"గిది బొమ్మలు చేసే కట్టె. బేస్‌కు డబ్బా గమ్మునుండాలె, స్పీకర్ ఒక్కటే ఊగాలె. మీ దాంట్ల అందరూ వాయిస్తుండ్రు."

"మరి గా భోంగా?" పైన వేలాడే మైకు చూపెట్టిండు.

"అది లీడర్లకు. అరుపులే పోతయ్."

"ఆ రెండు చిన్నయి?"

"పాటగాళ్లకు. కింది సుతికి పెద్ద స్పీకర్ కావాలె, బరువు డబ్బా కావాలె." మూలకున్న నల్ల డబ్బాను చేత్తోని తట్టింది. పదిహేనించుల స్పీకర్, మందం ప్లైవుడ్, ఎనుక పలకకు ఎనిమిది స్క్రూలు.

ప్రేమ్‌సాగర్ లేపవోయి మళ్ళ దించిండు. "లోపట ఎవరన్న కూసున్నరా మేడం?"

"వాయించుండ్రి, బయటికొస్తరు."

ఒక్క తీగ మీటిండు. చప్పుడు చెవులకు రాలే, అరికాళ్లకొచ్చింది. బల్ల మీది చాయ్ గిలాస జర జరిగింది. ఆయన చూపు డబ్బా మీదికెళ్ళి సరళ మీదికొచ్చి, ఎనుకకు పోయే తొవ్వ మరిచింది.

"గిదే," అన్నడు.

దేన్నన్నడో సరళ అడగలే, ఆయన చెప్పలే. పైసలు కట్టి డబ్బా మాత్రం కొన్నడు.

అప్పుడు సరళకు ఒక ఫికర్ వట్టుకున్నది. మంచి డబ్బా పదేండ్లు చెడిపోదు. అంటే పదేండ్లు ఈ పిలగాడు దుకాణం మొకం చూడడు. గోనెసంచి చుట్టేటప్పుడు ఎనిమిదో స్క్రూను అర తిప్పు వదులు చేసింది.

మరుసటి ఆదివారం బస్సు మీదికెళ్ళి డబ్బా దిగింది.

"కింది తీగ కొడితే గిరగిర అంటుంది మేడం."

"తేమకు కట్టె ఉబ్బుతది," అన్నది సరళ, పరీక్ష పేపర్ దిద్దే సారు మొకం పెట్టి. రెండు గంటలు చూసింది. రెండు చాయ్‌లైనయ్. స్క్రూ బిగిచ్చింది. పంపేటప్పుడు మళ్ళ అర తిప్పు.

గట్ల నాలుగు ఆదివారాలు. బాపు ఒకనాడు అడిగిండు, "బిడ్డా, మన డబ్బాకు ఇన్ని రిపేర్లా?"

"శ్రీరాంపూర్ గాలి పడుతలేదు బాపు."

బాపు చాయ్ ఊదుకుంట కూసున్నడు.

గణపతి పండుగ ముందటి ఆదివారం గట్టిగ బిగిద్దామని సరళ లెక్క. కానీ ఆ ఆదివారం వాన దంచి కొట్టింది. బస్సులు బంద్. ప్రేమ్‌సాగర్ రాలే. ప్రోగ్రాం మంగళవారం. స్క్రూ వదులే ఉన్నది.

సోమవారమంతా సరళకు గదే ఫికర్. రేపు అందరి ముందట డబ్బా గిరగిరమంటే, ఆ పిలగాని గిటార్ గోడకెక్కుతది. ఎక్కిచ్చింది తనే.

ఆ ప్రోగ్రాంకు మైక్‌సెట్ బాపుదే. "నేను గుడ వస్త," అన్నది.

"ఎందుకు?"

"కనెక్షన్లు ఇయ్య."

"ఇరవై ఏండ్ల సంది ఎవ్వలిచ్చిండ్రు?" అన్నడు గని, జీపుల జర జరిగి జాగ ఇచ్చిండు.

మంగళవారం పొద్దు గూకకముందే ప్రోగ్రాం కాడికి చేరిండ్రు. స్టేజీ ఎనుక ఎవ్వలు లేంది చూసి, సంచిలకెళ్ళి స్క్రూడ్రైవర్ తీసి సరళ డబ్బా కాడ కూసున్నది. ఎనిమిదో స్క్రూ తిప్పింది. కదల్లే. ఏడోది, ఆరోది, ఒక్కటీ కదల్లే. ఒక్కోదాని మీద ఎర్ర రంగు చుక్క.

"మా వర్క్‌షాపుల బిగిచ్చిన బోల్టు మీద రంగు చుక్క పెడుతం," అని ఎనుకకెళ్ళి మాటొచ్చింది. ప్రేమ్‌సాగర్. "ఇగ దాన్ని ముట్టొద్దని గుర్తు."

సరళ లేవలే. "ఎప్పుడు చూసిండ్రు?"

"మొదటి ఆదివారం ఇంటికి పోంగనే. ఫిట్టర్‌ను కదా."

"మరి నాలుగు వారాలు ఎందుకు మోసుకొచ్చిండ్రు?"

"వారమంతా బిగిచ్చుకొని వాయించేటోన్ని. శనివారం శనివారం మళ్ళ అర తిప్పు వదులు చేసేటోన్ని. చెయ్యకుంటే మీరు పరేషాన్ అయితరని."

సరళకు నవ్వాల్నో ఏడ్వాల్నో తెల్వలే. "గంత బరువు, ఉత్తగనే మోసిండ్రా?"

"ఉత్తగ కాదు మేడం."

"సరళ," అన్నది, స్క్రూడ్రైవర్ దిక్కు చూసుకుంట. "మేడం అనుడు బంద్ చెయ్యుండ్రి."

ఆ పూట మొదటి పాటకే ముందట కూసున్న ఆడోళ్లు కాళ్ల కింద చాప తడుముకున్నరు. రెండో పాటకు మాస్టర్ ప్రేమ్‌సాగర్ దిక్కు చూసిండు. మూడో పాటకు ఎడమచెయ్యి కీబోర్డు మీదికెళ్ళి తీసి జేబుల పెట్టుకున్నడు.

ప్రోగ్రాం అయినంక బాపు వైర్లు చుట్టుకుంట పిలిచిండు. "పిలగా, వచ్చే ఆదివారం డబ్బాను ఇంటికాడనే ఉండనియ్యి. దాని నడుము ఇరుగుతది. మీ అవ్వను, బాపును తోలుకరా."

ప్రేమ్‌సాగర్ తలకాయ ఊపిండు.

బాపు సరళ దిక్కు చెయ్యి చాపిండు. "నా స్క్రూడ్రైవర్ ఇటియ్యి బిడ్డా. ఆదివారం ఆదివారం ఎటు మాయమైతుందా అని చూస్తనే ఉన్న."

ఇగ మీ వంతు. ఎవ్వలన్న మళ్ళ రావాలని మీరు ఏం వదులు చేసిండ్రో, ఏం దాసిండ్రో నాకు రాయుండ్రి. మీ పేరు మాత్రం రాయకుండ్రి. ఒట్టేసినా నా కడుపుల మాట ఆగదని మీకు తెలిసిపోయింది కదా.