దంతపు మాతకు ఇచ్చిన దత్తం

సాత్తూరు దాటాక, నల్లరేగడి చేల మధ్య ఉన్న ఆ చిన్న చర్చికి మారీశ్వరి చేరేసరికి పొద్దు వాలుతోంది. అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలో కూలి ఆమె. చర్చి మనిషి కాదు. కానీ కూతురు దేవిప్రియ కోవిల్‌పట్టి ఆసుపత్రిలో మెదడు జ్వరంతో కళ్ళు తెరవకుండా పడి ఉంది. డాక్టర్లు తల అడ్డంగా ఊపేశారు. మారీశ్వరి మొక్కని అమ్మవారు లేదు. ఇక మిగిలింది ఈ మాత ఒక్కటే.

ఎప్పుడో ఫ్రాన్సు నుంచి వచ్చిన పాదిరి సామి ఒకరు తెచ్చిన ఏనుగుదంతం బొమ్మ అది. వందల ఏళ్ళ నాటిది. మూరెడు కూడా ఉండదు. దంతం వంపులోనే చెక్కారేమో, మాత నడుము ఒక పక్కకు ఒరిగి, చంకన కొడుకునెత్తుకుని పల్లె ఆడదానిలా నిలబడి ఉంది. గుండె నుంచి పాదాల దాకా సన్నటి చీలిక. అవి రెండు తలుపులు. తెరిస్తే లోపల అదే కొడుకు సిలువ మీద శవమై ఉంటాడని అందరికీ తెలుసు.

చర్చి చూసుకునే అప్పాసామి తాత కొవ్వొత్తి వెలిగించి ఇచ్చాడు. "మూసినట్టే మొక్కుకో తల్లీ. తెరవగాకు."

"ఏంటికి తాతా?"

"బిడ్డను పోగొట్టుకున్న కడుపు అది," అని ఆయన గంట కొట్టడానికి వెళ్ళాడు.

మారీశ్వరి ఆగలేకపోయింది. గోళ్ళతో తలుపులు లాగింది.

కాలిన ఎముక వాసన.

లోపల కందిగింజంత ముఖాలు... ఏడుస్తున్న ఆడవాళ్ళు... మధ్యలో సిలువ. దాని మీద ఎవరూ లేరు.

అయినా వెనక్కి తగ్గలేదు.

"మాతా... నా పిల్లను నీకు దత్తమిస్తా," అని గుసగుసలాడింది. "నీ బిడ్డే అనుకో. బతికితే సాలు."

వేళ్ళ కింద దంతం వెచ్చబడింది. లోపల ఎవరో ఊపిరి పీల్చారు. మెల్లగా... ఒక్కసారే. తలుపులు వాటంతటవే మూసుకున్నాయి.

ఫోన్ మోగింది. ఆసుపత్రిలో పిల్ల దగ్గరున్న అత్త అళగమ్మాళ్.

"మారీ, పిల్ల లేసి కూకుంది. నీళ్ళడిగింది. బిరీన రా."

బస్సులో దారి పొడుగునా ఏడుస్తూనే ఉంది. వార్డులోకి పరిగెత్తి కూతుర్ని వాటేసుకుంది. ఒళ్ళు చల్లగా, నున్నగా తగిలింది.

"దేవీ... అమ్మను."

పిల్ల కొత్త మనిషిని చూసినట్టు చూసింది. పక్కకు జరిగింది.

"మా అమ్మ వస్తాంది," అంది. "మెట్లెక్కతాంది."

మారీశ్వరి పిల్ల చేతిని రెండు చేతులతో పట్టుకుంది. "నేనియ్యలేదు," అని గొణిగింది. "నేను... ఇయ్యలేదు..."

వార్డులో మిగతా పిల్లలంతా నిద్రలోనే తలుపు వైపు ముఖాలు తిప్పారు.